మడి నీళ్ల బరువు

తాడేపల్లిగూడెం చుట్టుపక్కల వసుంధర చేతి వంట తిన్నవాళ్లు వేలమంది ఉంటారు. మళ్లీ ఎప్పుడు పెడతావమ్మా అని ఒక్కడూ అడగడు. అడగకూడదు మరి. ఆమె చేసేది తద్దినం వంట.

భర్త వేంకటాచలం పురోహితుడు. మంత్రం ఆయనది, గరిటె ఆమెది. మంత్రంలో అక్షరం జారితే పితృదేవతలు పోనీలే అనుకుంటారేమో గానీ, గారె గట్టిపడితే వచ్చిన చుట్టాలు ఊరుకుంటారా? అందుకని ఆ ఇంట్లో ఎవరి పని పెద్దదో పెళ్లైన మూడో ఏటే తేలిపోయింది. ఆ తర్వాత దాని మీద చర్చ లేదు.

వసుంధర మడి అంటే అల్లాటప్పా మడి కాదు. తెల్లారుజామున నూతి దగ్గర నెత్తిన నీళ్లు పోసుకుని, దండెం మీద ఎవరూ తాకకుండా ఆరిన చీరని కర్రతో తీసి కట్టుకుందంటే, వంట దిగేదాకా కన్నకూతురు కూడా ఆమెను తాకడానికి లేదు. మొగుడైతే గుమ్మం అవతలే. నీళ్లు తన ఇంటి నూతివే కావాలి, తన చేత్తో తోడినవే కావాలి. కొల్లేటి వైపు నుంచి పిలుపొస్తే మరీను. అక్కడ నేలలో నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లలో పప్పు పొద్దున్న పెడితే సాయంత్రానికి కూడా పలుకు పలుకుగానే ఉంటుంది. కాబట్టి ఆమె ఎక్కడికెళ్తే అక్కడికి ఆరు బిందెల నీళ్లూ, ఒక ఇత్తడి గంగాళం నిండా నీళ్లూ కూడా వెళ్లాల్సిందే. వాటితోపాటు రాతి రుబ్బురోలు. మిక్సీలో తిప్పిన పిండితో గారె వండితే కాకి కూడా ముట్టదని ఆమె వాదన.

"కాకిని అడిగావుటే?" అన్నాడు వేంకటాచలం ఒకసారి.

"మీకంటే దానికి రుచి తెలుసు" అంది.

ఇంత సామాను మొయ్యడానికే జీపు. పాతికేళ్ల పైబడిన జీపది, ఎప్పుడో ప్రభుత్వ వేలంలో పాడుకున్నాడు. నాలుగు చక్రాలూ లాగే రకం. వానాకాలంలో కొల్లేటి లంకల బురదరోడ్లు కార్లని సగానికి సగం మింగేస్తుంటే, ఇది గేదెలా ఈదుకుంటూ పోయేది. అరవై ఆరేళ్ల వేంకటాచలం పంచె ఎగ్గట్టి దాని బానెట్ తుడుస్తుంటే, "ఇంట్లో ఒక ముసలిది చాలదూ" అనేది వసుంధర.

రానురాను ఏలూరులో జనమంతా అపార్ట్‌మెంట్లు ఎక్కారు. ఆ వంటగదుల్లో నడుం తిప్పడానికి చోటుండదు, ఫ్రిజ్ తలుపు తెరిస్తే ఉల్లిపాయ వాసన. ముందురోజే వెళ్లి అంతా కడుక్కోవాలి, పడుకోవడానికేమో హాల్లో టీవీ ముందు చాప. ఇక లంకల్లోనైతే ఆ చాప కూడా దొరకదు. ఆమె అవస్థ చూసి వేంకటాచలానికే ఆలోచన తట్టింది. వంటిల్లునే వెంట తీసుకుపోతే?

తమ తాడేపల్లిగూడెంలోనే ట్రాక్టర్ ట్రక్కులు కట్టే పాండురంగారావు చేత చేయించారు. రెండు చక్రాల మీద చిన్న రేకు గది. జీపు వెనక హుక్కుకి తగిలించుకుని లాక్కుపోవాలి. లోపల ముందు వైపు ఇద్దరు పడుకునేందుకు బల్లలు, పక్కన గ్యాస్ పొయ్యి, బయట విప్పితే టార్పాలిన్ పందిరి. బిందెలకీ గంగాళానికీ ఇనప చట్రాలు సరిగ్గా చక్రాల పైన, ఒక జానెడు ముందుకి వేశాడు పాండురంగారావు. ట్రైలరని ఆయన అన్నాడు, గది అని వసుంధర అంది. ఆమె అన్నదే పేరైంది.

దాన్ని లాగడం నేర్చుకోవడానికి వేంకటాచలానికి పదిహేను రోజులు పట్టింది. ముందుకి పోవడం తేలికే. వెనక్కి పోయేటప్పుడు గది ఎడమకి తిరగాలంటే స్టీరింగ్ కుడికి తిప్పాలి. మార్కెట్ యార్డులో ఖాళీ చోట అటూ ఇటూ తిప్పుతూ ఆయన చెమటలు కక్కుతుంటే వసుంధర ఓ పక్కన నిలబడి నవ్వింది.

"నవ్వకే. ఇది నాకు కొత్త కాదు. నువ్వు ఎడమకి రావాలంటే కుడికి రమ్మని నలభై ఏళ్లుగా చెబుతూనే ఉన్నాను కదా" అన్నాడాయన.

వసుంధరకి జవాబు దొరకకపోవడం అదే మొదటిసారి.

పొరపాటు ఆ తర్వాత వారంలో జరిగింది. గదిలో ముందు సగం అంటే బ్యాటరీ, జాకీ, డీజిల్ డబ్బా, ఆయన చెప్పులు, ఆయన బట్టల సంచి. అంతా మైల. చక్రాల పైన నీళ్లు పెడితే లోపలికి అడుగుపెట్టిన ప్రతివాడి పంచె అంచూ బిందెకి తగులుతుంది. వసుంధర చూసింది, ఆలోచించింది, ఆయన అత్తిలిలో గృహప్రవేశం చేయించడానికి వెళ్లిన రోజు పాండురంగారావుని ఇంటికి పిలిపించింది.

"ఈ చట్రాలు తీసేసి చిట్టచివర్న వెయ్యి నాయనా. రోలు కూడా అక్కడే."

"వద్దండి అమ్మగారూ. బరువంతా వెనక పడితే బండి మాట వినదండి."

"మాట వినని వాళ్లతో వేగడం నాకు అలవాటే. నువ్వు వెయ్యి."

"పంతులుగారికి ఓ మాట చెప్పి..."

"పంతులుగారు వండుతారా?"

వేశాడు పాపం. ఆ చివరి భాగానికి అడ్డంగా ఓ తెర కట్టేసింది వసుంధర. తెర అవతల మడి, ఇవతల లోకం. తెర ముట్టుకోవడానికి ఆయనకి హక్కు లేదు, నీళ్లు ఎక్కడున్నాయో ఆయన అడగనూ లేదు. వంటింటి సంగతులు అడగడం ఆయన ఏనాడో మానేశాడు. పైగా గదిని జీపుకి తగిలించాకే, ఆఖర్న, బిందె తర్వాత బిందె మోసుకొచ్చి నీళ్లు నింపేది. ఇంటికి తిరిగొచ్చేటప్పటికి అన్నీ ఖాళీ. నీళ్లున్న గదిని హుక్కు నుంచి విప్పి చూసిన సందర్భమే రాలేదు.

మొదటిసారి ఉంగుటూరు దగ్గర హైవే మీద ఊగింది. చేపల లారీ ఒకటి పక్కనుంచి దూసుకుపోయింది, ఆ విసురుకి గది తోక ఆడించినట్టు అటూ ఇటూ కొట్టుకుంది. దాంతో జీపు కూడా ఊగింది. నాలుగు ఊపులూగి నిలదొక్కుకుంది.

"గాలి" అన్నాడు వేంకటాచలం.

"గాలికి ఊగడానికి ఇదేమన్నా అరటాకా?" అంది వసుంధర. అక్కడితో వదిలేసింది.

రెండోసారి ఏలూరు బైపాస్‌లో. ఆ రోజు వాళ్లమ్మాయి శ్రీవల్లి కూడా జీపులో ఉంది. ఏలూరులో ఓ హైస్కూల్లో లెక్కల టీచరు, దేన్నైనా రెండుసార్లు సరిచూసే పిల్ల. వంతెన దిగుతుంటే గది విరుచుకుపడినట్టు ఊగి, పక్కనే పోతున్న ఆటోని గోరంత దూరంలో తప్పించుకుంది. ఆటోవాడు తిట్టిన తిట్లు వసుంధరకి కూడా కొత్తవి. శ్రీవల్లి ఆటో వైపు చూడలేదు, గది వైపూ చూడలేదు. తండ్రి చేతుల వైపు చూసింది. స్టీరింగ్ మీద అవి వణుకుతున్నాయి.

వేంకటాచలం తండ్రికి ఆఖరి ఐదేళ్లూ చేతులు వణికేవి. అర్ఘ్యం ఇస్తుంటే ఉద్ధరిణిలో నీళ్లు పళ్లెంలో పడేవి కావు, ఒళ్లో పడేవి. జనం మొహం పక్కకి తిప్పుకునేవారు. చివరికి పౌరోహిత్యం మానేసి ఇంట్లో ఓ మూల కుర్చీలో కూర్చున్నాడు, అక్కడినుంచే వెళ్లిపోయాడు. ఆ ఇంట్లో ఆ జబ్బు పేరెత్తరు. ఇప్పుడు ఎవరూ ఎత్తకుండానే ముగ్గురికీ గుర్తొచ్చింది.

"చాలు నాన్నా. జీపు ఇచ్చేద్దాం" అంది శ్రీవల్లి. "చింతలపూడిలో ఆయిల్ పామ్ తోట వాళ్లు ఇలాంటిదే కావాలంటున్నారు. నేను మాట్లాడతాను."

జీపు పోతే గది పోతుంది. గది పోతే లంకలు పోతాయి, ఏలూరు పోతుంది, మిగిలేది ఆ మూల కుర్చీ ఒక్కటే. అది వేంకటాచలానికి తెలియనిదా? అయినా కూతురితో వాదించలేదు. "ఇంకొక్కసారి ఊగితే తాళం నీ చేతిలో పెట్టేస్తానమ్మా" అన్నాడు. ఆయన మాట అంటే మాటే.

ఆ మర్నాటినుంచి వసుంధర ఒక సంగతి గమనించింది. సంధ్యావందనం అయ్యాక ఆయన వెంటనే లేవడం లేదు. నూతి గట్టు మీద కూర్చుని, ఉద్ధరిణి నిండా నీళ్లు తీసుకుని, చెయ్యి బారజాపి, పెదాలు కదుపుతూ ఏదో లెక్కపెడుతున్నాడు. నూటెనిమిది దాకా. నీటి మీద చూపు తిప్పడు. ఒక్క చుక్క జారితే ఆ చుక్క పడ్డచోటే చూస్తూ ఉండిపోతాడు, మళ్లీ నింపుతాడు.

నోటికి తాళం లేని మనిషి ఆ సంగతి మీద మాత్రం నోరెత్తలేదు. పెరట్లో బిందెలు తోముకుంటూ, చూడనట్టు చూస్తూ ఊరుకుంది. బండి మాట వినదండీ అని పాండురంగారావు అన్న మాట ఒకటి రెండుసార్లు మనసులోకి వచ్చి నిలబడింది. వాకిట్లో బిచ్చగాణ్ణి పంపినట్టు పంపేసింది. ఇనప చట్రాలకీ మనిషి చేతులకీ ఏమిటి సంబంధం?

నెలన్నర గడిచింది. మధ్యలో దగ్గర ఊళ్లవే రెండు తద్దినాలు, మెల్లగా వెళ్లి మెల్లగా వచ్చారు. భాద్రపదంలో కొల్లేటి లంక నుంచి పిలుపొచ్చింది. కార్తికేయ అని అక్కడి పోస్టాఫీసులో పని చేస్తాడు, తల్లి ఆబ్దికం. ఆదివారం పడింది. ఏలూరులో ఆగితే శ్రీవల్లి వచ్చి జీపు వెనక సీట్లో కూర్చుంది, పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్‌లా.

"నువ్వెందుకే, ఇంట్లో పని లేదూ?" అంది వసుంధర.

"ఇదే పని" అంది.

ఏలూరు దాటి దక్షిణంగా దిగితే రోడ్డుకి రెండు వైపులా చేపల చెరువులే. నీళ్లు చిమ్ముతూ తిరిగే ఏరేటర్లు, గడలకి వేలాడే మేత సంచులు, పక్షులు వాలకుండా కట్టిన దారాలు, అయినా వాలే పక్షులు. వేంకటాచలం రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని, మెడ కూడా తిప్పకుండా నడుపుతున్నాడు. మురుగుకాలవ మీద ఎత్తైన వంతెన ఒకటి ఎక్కారు. దిగుతుండగా గది మొదలుపెట్టింది.

ముందు చిన్నగా. తర్వాత పెద్దగా. దిగుడు కదా, గది వెనకనుంచి తోస్తోంది, తోస్తూ ఊపుతోంది. ఆయన కంగారుగా బ్రేకు తొక్కాడు. దాంతో గది పక్కకి తిరిగిపోయి, ఓ చక్రం గట్టు దిగిపోయి, చెరువు అంచున గడ ఒకటి ఫెళ్లున విరిగింది. జీపు రోడ్డుకి అడ్డంగా నిలబడింది. లోపల బిందెలు దొర్లిన చప్పుడు. తర్వాత ఏరేటర్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

దెబ్బలు ఎవరికీ తగల్లేదు. వేంకటాచలం ఇంజను ఆపాడు. తాళం తీశాడు. వెనక్కి తిరక్కుండానే చెయ్యి భుజం మీదుగా వెనక్కి చాపాడు. శ్రీవల్లి తాళం తీసుకుంది. ఆ చెయ్యి వణుకుతూనే ఉంది. ఆయన దాన్ని ఒళ్లోకి లాక్కుని, రెండో చేత్తో మూశాడు.

వసుంధర ఆ చేతుల వైపు చూడలేక కిందికి దిగింది.

"ఎవరండీ అది! చెరువులోకే వచ్చేత్తారేంటండీ!" అని కేకలేస్తూ గట్టు మీదనుంచి ఒకావిడ పరుగెత్తుకొచ్చింది. నాగరత్నం అని, ఆ చెరువు వాళ్లదే. యాభై ఏళ్లుంటాయి, చీర మీద మొగుడి చొక్కా తొడుక్కుంది, చేతినిండా చేపల మేత పొడి. దగ్గరికొచ్చి చూసి గొంతు తగ్గించింది. "అయ్యో, పంతులుగారా! దెబ్బలేం తగల్లేదు కదండీ? కార్తికేయగారింటికా అండీ?"

"ఆ ఇంటికే అమ్మా. నీ గడ విరిగింది" అంది వసుంధర.

"గడదేముందండీ, పాతుకోవచ్చు. మనుషుల్ని పాతుకోలేం కదండీ."

వసుంధరకి ఆ మనిషి నచ్చింది. తన నోరే వేరే ఊళ్లో పుట్టినట్టుంది.

నాగరత్నం ఇద్దరు పనివాళ్లని కేకేసి, తమ ట్రాక్టరు తెప్పించి, గొలుసు కట్టి చక్రాన్ని మళ్లీ రోడ్డు మీదికి లాగించింది. "ఇక మీరు నడపకండి పంతులుగారూ, బెదిరిపోయున్నారు. గదిని విప్పండి, మా ట్రాక్టరుకి తగిలించి మెల్లగా లాగించేత్తాను. రెండు కిలోమీటర్లే కదండీ" అంది.

వేంకటాచలం వెళ్లి హుక్కు పిన్ను లాగాడు. లాగడమేమిటి, గది ముక్కు ఎగిరి గాల్లోకి లేచింది. ఆయన గడ్డానికి తగలాల్సింది, వెనక్కి గెంతాడు. గది వెనకభాగం కూలబడినట్టు రోడ్డు మీద చతికిలబడింది.

నాగరత్నం నోటి మీద చెయ్యేసుకుంది. "ఓలమ్మో, వెనక మొగ్గు బండండీ ఇది! మా నాన్న ధాన్యం బండికి ఇలా ఎత్తితే తిట్టి మళ్లీ మొత్తం దింపించేవాడండీ. వెనక బరువైతే కాడి పైకి లేసి ఎద్దులకి ఉరి పడుద్ది, పల్లంలోనేమో బండే ఎద్దుల్ని ఈడ్చుకుపోద్ది. ఏం పెట్టారండీ అంత వెనకాల?"

చెప్పగలిగింది ఒక్కతే.

వసుంధరకి ఆరేళ్లప్పుడు అమ్మమ్మగారి ఊరికి ఎడ్లబండిలో వెళ్తుంటే, పిల్లలంతా వెనక కాళ్లు వేలాడేసుకుని కూర్చునేవారు. "ముందుకి జరగండమ్మా, కాడి తేలిపోతోంది" అని బండివాడు అరిచేవాడు. జరిగేవారు. అంటే ఆరేళ్లప్పుడు తెలిసిన సంగతి ఇది. అరవై రెండేళ్లొచ్చాక తెర కట్టుకుని తనకి తనే కనబడకుండా దాచుకుంది.

ఇప్పుడు ఊరుకుంటే ఏమీ కాదు. బిందెలు రెండు దొర్లినా గంగాళం బిగించి కట్టి ఉంది, నీళ్లు నిండుగా ఉన్నాయి. ట్రాక్టరు లాక్కుపోతుంది, స్నానం చేసి మడి కట్టుకుని ఆ నీళ్లతోనే వండుతుంది, కార్తికేయ తల్లికి లోటు రాదు. తాళం మాత్రం శ్రీవల్లి బ్యాగులో ఉండిపోతుంది. ఆయన వెళ్లి ఆ కుర్చీలో కూర్చుంటాడు.

"ఆయన చేతులు కాదే" అంది వసుంధర కూతురితో. "నా నీళ్లు."

"నాన్నని వెనకేసుకు రాకమ్మా ఇప్పుడు."

నలభై ఏళ్లుగా ఆయన్ని సాధించింది గానీ ఏనాడూ వెనకేసుకు రాలేదు. ఒక్క నిజం చెబితే జాలి కింద జమకట్టేస్తోంది పిల్ల. వసుంధర గదిలోకెక్కి తెర పట్టుకుని ఒక్క లాగు లాగింది. తీగతో సహా ఊడొచ్చింది.

"చూడు! లెక్కల టీచరువి కదా, కట్టుకో లెక్క. ఆరు బిందెలు, గంగాళం, రోలు. అన్నీ ఆ చివర. చక్రాల పైన ఉండాల్సినవి. నేనే మార్పించాను."

శ్రీవల్లి లోపలికి చూసింది. గాల్లో ఉన్న హుక్కు వైపు చూసింది. "అయినా చేతులు వణికాయమ్మా. నేను చూశాను."

"వణకవూ? రెండు క్వింటాళ్ల పైన బరువు వెనకనుంచి తన్నుతుంటే నీ చేతులు వణకవూ?"

వేంకటాచలం రోడ్డు పక్కన నిలబడి ఉన్నాడు. భార్య వైపే చూస్తున్నాడు.

"సరే. ముందుకి మార్చి మళ్లీ వంతెన దిగి చూద్దాం" అంది శ్రీవల్లి. "ఇందాక స్పీడు నలభైలో ఉంది. అదే నలభైలో."

మార్చాలంటే నలుగురు పట్టాలి. పట్టుకుంటే అవి మడి నీళ్లు కావు. ముందు వైపు, ఆయన చెప్పుల పక్కన పెట్టిన క్షణమే అవి కాళ్లు కడుక్కునే నీళ్లు. నాగరత్నం మెట్టు దగ్గర చేతులు చీరకి తుడుచుకుంటూ ఆగిపోయింది.

"ముట్టుకోవచ్చా అండీ?"

వసుంధర గంగాళం వైపు చూసింది. తెల్లారకముందే లేచి ఇరవై చేదలు తోడి నింపింది దాన్ని. భుజం ఇంకా నొప్పిగానే ఉంది.

"పట్టుకో తల్లీ" అంది. "అటు కొస నువ్వు పట్టు. జాగ్రత్త, నడుం విరుగుతుంది."

గంగాళంలో కొన్ని నీళ్లు దొర్లిన బిందెల్లోకి వంచి, నాగరత్నం, పనివాళ్లిద్దరు, శ్రీవల్లి కలిసి బిందెల్నీ గంగాళాన్నీ ముందుకి జరిపారు. రోలు జరపడానికి పావుగంట పట్టింది. "ఇదెందుకండీ, మిక్సీ లేదా?" అంది నాగరత్నం రొప్పుతూ. వేంకటాచలం మొదటిసారి నోరు తెరిచాడు. "కాకి ఒప్పుకోదమ్మా" అన్నాడు. ఎవరికీ నవ్వు రాలేదు, ఆయనతో సహా.

ఇప్పుడు ముక్కు తనంతట తానే దిగి హుక్కు మీద బరువుగా కూర్చుంది. శ్రీవల్లి బ్యాగులోంచి తాళం తీసి ఇచ్చింది. ఇచ్చి, ఆయన పక్కన ఎక్కి కూర్చుంది.

వసుంధర గట్టు మీదే ఉండిపోయింది. జీపు వంతెన అవతలికి వెళ్లి, చాలాసేపు కనబడలేదు. వెనక్కి తిప్పుకుంటున్నాడు కాబోలు, ఎడమకి రావాలంటే కుడికి. తర్వాత వంతెన నెత్తిన కనబడింది. సరిగ్గా అప్పుడే ఎదురుగా ఐసు నీళ్లు కారుతూ చేపల లారీ. వసుంధర గుప్పిట్లో చీర కొంగు బిగించింది. లారీ ఊపుకి గది ఒక్కసారి ఒళ్లు జలదరించినట్టు కదిలింది. అంతే. ఆవు వెనక దూడలా దిగి వచ్చేసింది.

"సూశారా!" అని నాగరత్నం చప్పట్లు కొట్టింది.

వేంకటాచలం దిగాడు. నవ్వుతాడనుకుంది. నవ్వలేదు.

"ఎప్పుడు మార్పించావు?"

"మీరు అత్తిలి గృహప్రవేశానికి వెళ్లినప్పుడు."

"పాండురంగారావు ఏమీ అనలేదూ?"

"వాడికేం తెలుసండీ" అంది వసుంధర. ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ మాట. నోరు ఉన్నవాళ్లకి అబద్ధం కూడా అదే దారిలో వస్తుంది.

ఆ రోజు కార్తికేయ ఇంట్లో వంట కొన్న నీళ్లతో జరిగింది. ప్లాస్టిక్ టిన్నులు, ఎవరెవరు మోశారో తెలియని టిన్నులు. వసుంధర కార్తికేయని పిలిచి ఉన్నదున్నట్టు చెప్పింది, ఇవి మడి నీళ్లు కావు, ఇష్టం లేకపోతే చెప్పు అని. అతను టిన్ను వైపు చూసి, "మా అమ్మ ఇరవై ఏళ్లు ఈ నీళ్లే తాగిందండీ. ఇవైతేనే గుర్తుపడుతుంది" అన్నాడు. పప్పు మెత్తగా ఉడికింది. గారెలు బాగానే వచ్చాయి. వడ్డిస్తున్నంతసేపూ ఆమె ఎవరి మొహమూ చూడలేదు.

సోమవారం పొద్దున్నే గదిని పాండురంగారావు షెడ్డుకి తీసుకెళ్లారు, చట్రాలు మళ్లీ చక్రాల పైన వేయించడానికి. వసుంధర రానంటే, "రా, ఎక్కడ కావాలో నువ్వే చూపించు" అన్నాడు వేంకటాచలం. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

పాండురంగారావు లోపలికి తొంగిచూసి తల ఆడించాడు. "ఆ రోజే చెప్పానండి అమ్మగారికి, బరువు వెనక పడితే బండి మాట వినదని. పంతులుగారికి ఓ మాట చెబుదామన్నా వద్దన్నారండి. ఏం, ఊగిందాండీ?"

"ఊగింది" అన్నాడు వేంకటాచలం. స్టూలు లాక్కుని కూర్చుని, పని అయ్యేదాకా వెల్డింగు వెలుతురు పడకుండా మొహం పక్కకి తిప్పుకుని ఉన్నాడు. భార్య వైపు కాదు, రెండో పక్కకి.

తిరిగి వస్తుంటే కాలవ గట్టు దగ్గర ఒక్క మాట అన్నాడు.

"నెలన్నర, వసుంధరా. రోజూ పొద్దున్నే నా చెయ్యి నేను చూసుకున్నాను. నువ్వు పెరట్లోనే ఉన్నావు."

జవాబు దొరకకపోవడం ఇది రెండోసారి. మొదటిసారి నవ్వొచ్చింది.

జీపు వాళ్ల దగ్గరే ఉంది. చింతలపూడి వాళ్లకి శ్రీవల్లి వద్దని చెప్పేసింది. తాళం మళ్లీ మేకుకి వేలాడుతోంది. లంకల్లో తద్దినాలు, ఏలూరు అపార్ట్‌మెంట్ల కింద కారు పార్కింగుల్లో టార్పాలిన్ పందిరి, గారెలు, అల్లం పచ్చడి, అన్నీ మామూలే. గది మళ్లీ ఒక్కసారి కూడా ఊగలేదు. అయినా ఆయన నూతి గట్టు మీద ఉద్ధరిణి పట్టుకుని కూర్చోవడం మానలేదు. చెయ్యి బాగానే ఉందని ఇప్పుడు తెలుసు కదా, మరెందుకని అడగాలని వసుంధరకి ఉంటుంది. అడగదు.

ప్రయాణం రోజు ఆమె ఆఖరి బిందె పెట్టి, మళ్లీ కట్టుకున్న తెర దించి, కిందికి దిగుతుంది. జీపు పక్కన నిలబడ్డ వేంకటాచలం అడుగుతాడు.

"నీళ్లెక్కడున్నాయి?"

"చక్రాల పైనేనండీ."

ఆయన విని తలూపుతాడు. తర్వాత చెప్పులు విప్పి గదిలోకెక్కి, తెర పక్కకి లాగి, గంగాళాన్నీ ఆరు బిందెల్నీ ఒక్కొక్కటే చూస్తాడు. ఆ తెర ముట్టుకోవద్దని వసుంధర అనదు. ఆయన దిగేదాకా కిందే నిలబడి ఉంటుంది.